నా బిడ్డతో గాలిలోకి లేచిన పొద్దున

నేను జన్మలో ఒక్కసారే ప్యాంటు వేసుకున్నాను. అది మా అమ్మాయిది, ఖాకీ ప్యాంటు. నడుము దగ్గర గుండీ పట్టకపోతే పెద్ద పిన్నీసు పెట్టింది. కింద రెండు మడతలు పైకి మడిచింది. నా చీరను ఉండచుట్టి తన సంచిలో కుక్కుకుని, "ఇగ నడువే అమ్మా, ఎండెక్కితే గాలి తిరుగుతది, ఆపేస్తరు" అన్నది. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. దానికి పదహారు నిండి మూడు నెలలు.

తొంభైలు మొదలైన కొత్తలో సంగతి ఇది. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో, రోడ్డు దిగి వాగు దాటి నడిస్తే వచ్చే ఒక ఊళ్లో నేను ప్రభుత్వ నర్సును. కాన్పులు చేయడం, పిల్లలకు సూదులు వేయడం, జ్వరం వచ్చినవాళ్ల వేలు పొడిచి గాజు పలక మీద రక్తపు చుక్క తీసి పరీక్షకు పంపడం నా పని. చుట్టుపక్కల గూడేలన్నీ నడిచే తిరగాలి. మా ఆయన ఇల్లందులో బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం దగ్గర ఆయన డ్యూటీ. ఉద్యోగాలు రెండు చోట్ల కాబట్టి కాపురం కూడా రెండు చోట్లే. పదిహేను రోజులకోసారి ఆయన వచ్చేవాడు, లేదా నేను వెళ్లేదాన్ని. మాకు ఒక్కతే కూతురు. పదో తరగతి అయ్యాక ఖమ్మంలో కాలేజీలో చేర్చి హాస్టల్లో పెట్టాం. డాక్టర్ చేయాలని నా ఆశ. దాని ఆశ ఏమిటో చేర్చేనాటికి దానికీ తెలియదు.

కాలేజీలో ఖాకీ బట్టలు వేసుకుని పరేడు చేసే పిల్లల్లో చేరింది. ఇంటికి వచ్చినప్పుడల్లా వాకిట్లో ఎడమ కాలు కుడి కాలు వేసి చూపించేది. మా పక్కింటి ముసలామె కోయభాషలో ఏదో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "బిడ్డ పోలీసవుతదా సిస్టరమ్మా?" అని నన్ను అడిగేది. ఏమవుతుందో నేనేం చెప్పను. అది మాత్రం నడుస్తూ నడుస్తూ తనకు తానే ఆజ్ఞలు ఇచ్చుకుని, తనే ఆగి, తనే తిరిగేది.

సంక్రాంతి సెలవులు ముగిసేరోజు ఒక కాగితం తీసింది. దాని మీద తండ్రి సంతకం కావాలి. మా ఆయన అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు.

"ఏందిది?" అన్నాడు.

"పారాసైలింగ్ అంట నాన్నా. జీపుకు తాడు కడతరు. మనకు పారాచూట్ కడతరు. జీపు ఉరికితే మనం పైకి లేస్తం."

"తాడు దేనిది?"

"నైలాన్ది."

"దాన్నెవరు జూస్తరు? రోజూ జూస్తరా?"

ఆయన కాగితం వెనక్కి ఇచ్చేశాడు. "ఇనుప తాడే తెగుతది బిడ్డా. నా కండ్ల ముంగట తెగింది. ఒకడు పోయిండు, ఒకనికి కాలు పోయింది. తాడును నమ్ముకోని నువ్వు గాల్లకు లేవకు."

ఆయన గట్టిగా అరిచే మనిషి కాదు. అందుకే ఆయన వద్దన్నాక బతిమాలడానికి సందు ఉండేది కాదు. అమ్మాయి ఏడవలేదు. కాగితాన్ని మడిచి జువాలజీ పుస్తకంలో పెట్టుకుంది. మర్నాడు దాన్ని బస్సెక్కించడానికి రోడ్డు దాకా నడిచాను. వాగు దాటాం, ఇసుక కాళ్లకు అంటుకుని ఉంది. అది తల వంచుకుని నాకన్నా పది అడుగులు ముందు నడిచింది. ఆ నడక నేను చూడలేకపోయాను.

"తియ్, గా కాగితం" అన్నాను.

"నాన్న వద్దన్నడు గద."

"తండ్రి లేకపోతే సంరక్షకులు అని రాసి ఉన్నది గద. నేను గాదా సంరక్షకురాలిని? కానీ నా కండ్ల ముంగట ఎక్కాలె. నేనొస్త."

సైకిల్ మీద పోతున్న పోస్టుమాన్‌ను ఆపి పెన్ను అడిగి, అమ్మాయి వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశాను. పెన్ను కదులుతుంటే చక్కిలిగింత పుట్టి అది నవ్వింది. నా సంతకం వంకర పోయింది.

వారం తర్వాత సెలవు పెట్టి ఖమ్మం వెళ్లాను. ముందురోజు సాయంత్రానికే చేరుకున్నాను. వార్డెన్ అనుమతి తీసుకుని హాస్టల్లో దాని మంచం మీదే ఇద్దరం సర్దుకున్నాం. తెల్లవారకముందే లేపింది. ఊరి చివర పెద్ద మైదానానికి పిల్లలందరితో పాటు నడిచాను. వేరుశనగ తీసేసిన చేనులా నేలంతా పొడిగా, గట్టిగా ఉంది. ఒక మూల జీపు, దాని వెనక కొండచిలువలా చుట్టి పెట్టిన తాడు. రంగు రంగుల పారాచూట్ నేల మీద పరిచి ఉంది. నేర్పించే సారు ఎక్కడివాడో, హిందీ కలిపిన తెలుగు మాట్లాడేవాడు. మీసాలు నెరిశాయి. నేను నేరుగా వెళ్లి అడిగాను, "సారూ, తాడును రోజూ జూస్తరా?"

ఆయన నవ్వలేదు. తాడు కొస నుంచి జీపు దాకా నాతో నడిచి, ప్రతి ముడీ చూపించాడు. "రోజు గాదు మాతాజీ, మనిషి మనిషికీ చూస్తా" అన్నాడు.

ఆ మాట మా ఆయన విని ఉంటే సంతకం పెట్టేవాడేమో.

మా అమ్మాయి నాలుగోది. నడుముకూ తొడలకూ పట్టీలు బిగించారు. నలుగురు పిల్లలు పారాచూట్ అంచులు పట్టుకుని పైకెత్తి నిలబడ్డారు. దూరంగా ఒకతను పచ్చ జెండా ఊపగానే జీపు కదిలింది. తాడు బిగిసింది. అది పది అడుగులు పరిగెత్తిందో లేదో, పదకొండో అడుగు నేల మీద పడలేదు.

నేను తల పైకెత్తి దాని వెంటే నాలుగు అడుగులు వేశాను. అది తాటిచెట్టంత ఎత్తు లేచింది, ఇంకా లేచింది, ముఖం కనబడనంత పైకి పోయింది. పట్టీలు గట్టిగా పట్టుకోవాలని అందరికీ పదిసార్లు చెప్పారు. ఇది పైకి పోయాక రెండు చేతులూ వదిలేసి పక్కలకు చాచింది. సారు కింది నుంచి "హాత్! హాత్!" అని అరుస్తూ పరిగెత్తాడు. అది వినబడనట్టే ఉంది. నిజంగా వినబడలేదని నాకు తర్వాత తెలిసింది.

దిగినప్పుడు సారు దాన్ని అందరి ముందూ తిట్టాడు. తల వంచుకుని నిలబడింది గానీ పెదాలు నవ్వుతూనే ఉన్నాయి. తిట్టడం అయిపోయాక సారు మా వైపు తిరిగి, పిల్లలు ఏం చేస్తున్నారో తల్లిదండ్రులకూ తెలియాలి, ఎవరైనా ఎక్కుతారా అని అడిగాడు. చూడడానికి వచ్చింది ముగ్గురమే. ఒకాయన షుగరుందన్నాడు. ఇంకొకాయన వెనక్కి జరిగాడు.

"మా అమ్మ ఎక్కుతది సార్" అన్నది ఇది.

"నీకేమన్న పిచ్చా?" అన్నాను. "చీరె కట్టుకోని ఎట్లెక్కుత?"

"నా దగ్గర ఇంకో ప్యాంటు, చొక్కా ఉన్నయ్."

అట్లా వేసుకున్నాను ప్యాంటు, మైదానం పక్కన గోడ చాటున, దాని స్నేహితురాలు దుప్పటి అడ్డం పట్టుకుంటే. బయటికి వచ్చాక నడవడానికి సిగ్గేసింది. రెండు కాళ్లు విడివిడిగా లోకానికి కనబడడం నాకు అలవాటు లేదు. అమ్మాయి నా బొట్టు సరిచేసింది, జడను చొక్కా లోపలికి దోపింది. నా పట్టీలు సారు బిగించాక, మళ్లీ ఒక్కొక్కటీ లాగి చూసింది. "దిగేటప్పుడు కాళ్లు రెండు దగ్గర పెట్టుకో. మోకాళ్లు కొంచెం వంచు. కిందికి జూడకు, దూరం జూడు" అని చెప్పింది. ఇంజెక్షన్ ఇచ్చే ముందు నేను పిల్లలతో మాట్లాడే గొంతే అది. ఎప్పుడు నేర్చుకుందో.

పారాచూట్ ఎడమ అంచు అదే పట్టుకుంది. జెండా ఊగింది. తాడు నన్ను ముందుకు లాగింది. నేను పరిగెత్తలేదు, పడిపోకుండా ఉండడానికి కాళ్లు వేశానంతే. వెనక నుంచి "ఉరుకు, ఉరుకు" అని దాని గొంతు వినబడింది. అది తన చేతిలోని గుడ్డ వదిలేసిన క్షణం నాకు భుజాల్లో తెలిసింది. కాళ్లు ఇంకా పరిగెడుతున్నాయి, కానీ కింద నేల లేదు.

భయం ఎంతసేపు ఉందో చెప్పలేను. బహుశా జీపు మైదానం సగం దాటేదాకా. ఆ తర్వాత చప్పుడంతా పోయింది. జీపు శబ్దం లేదు, పిల్లల కేకలు లేవు. చెవుల పక్కన గాలి ఒక్కటే. మార్కెట్ యార్డులో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా కనిపించాయి. ఖిల్లా గుట్ట నా ఎదురుగా ఉంది, ఎప్పుడూ తల ఎత్తి చూసేదాన్ని దాన్ని. రైలు పట్టాలు ఎండకు మెరుస్తున్నాయి. ఇరవై ఏళ్లకు ఉద్యోగంలో చేరిన దగ్గర నుంచీ నన్ను ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు. అన్నం తింటుంటే పిలుస్తారు, పురిటి నొప్పులని పిలుస్తారు, జ్వరమని పిలుస్తారు. నన్నెవరూ పిలవలేని చోటు ఒకటి ఉందని ఆ పూట తెలిసింది. మా అమ్మాయి చేతులు ఎందుకు వదిలేసిందో అర్థమైంది. నేను మాత్రం వదల్లేదు.

జీపు నెమ్మదించింది. నేల పైకి వచ్చింది. కాళ్లు దగ్గర పెట్టుకోవాలని గుర్తుంది గానీ మోకాళ్లు వంచడం మరిచిపోయాను. ముందుకు పడి రెండు గజాలు ఈడ్చుకుపోయాను. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది, చర్మం గీసుకుపోయింది. అందరికన్నా ముందు అదే వచ్చింది, పరిగెత్తి పరిగెత్తి ఊపిరి అందక. నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చూసి, నేను నవ్వుతున్నానని తెలిశాక, అప్పుడు ఏడ్చింది.

బస్టాండు పక్కన హోటల్లో పూరీ తిన్నాం. చీర కట్టుకున్నాక నేను మళ్లీ మామూలు మనిషినయ్యాను. అది అడుగుతూనే ఉంది.

"పైకెల్లి ఏం జూసినవ్?"

"మిర్చి యార్డు. రైలు పట్టాలు. నిన్ను."

"నన్నెట్ల గుర్తు పట్టినవ్? అందరం ఖాకీలనే ఉంటిమి గద."

"నువ్వొక్కదానివే ఉరుకుతున్నవ్, నా కింద."

అది ఆలుగడ్డ కూర వేలితో తీసి నాకింది. "నాన్నకు చెప్తవా?" అన్నది చివరికి.

"నేనే చెప్త."

చెప్పాను. తర్వాతి సెలవుకు ఆయన వచ్చినప్పుడు అన్నం పెడుతూ మొత్తం చెప్పాను, నేను ఎక్కిన సంగతితో సహా. ఆయన తినడం ఆపాడు. "ఒకటే తాడా ఇద్దరికి?" అని అడిగాడు. ఒకటే అన్నాను. లేచి చేయి కడుక్కున్నాడు. తర్వాత నెల రోజులు రాలేదు. మళ్లీ వచ్చినప్పుడు ఆ విషయం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వేసవి గడిచింది. అమ్మాయి రెండో సంవత్సరంలోకి వచ్చింది. వానాకాలంలో హాస్టల్లో పిల్లలకు కామెర్లు వచ్చాయి. నీళ్లు బాగాలేవని పదిహేను రోజులు మూసేశారు. అది ఇంటికి వచ్చింది. ఇంట్లోనైతే నీళ్లు కాచి ఇవ్వొచ్చని నేను సంతోషపడ్డాను. వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. నాతో పాటు గూడేలకు వస్తానని గొడుగు పట్టుకుని బయలుదేరేది. గాజు పలకల డబ్బా అదే మోసేది.

పదమూడో రోజు సాయంత్రం చలి అన్నది. రాత్రికి ఒళ్లు కాలింది. నేనే దాని వేలు పొడిచాను, వందల వేళ్లు పొడిచినట్టే. గాజు పలక మీద చుక్క తీసి, ఆరబెట్టి, పెన్సిల్‌తో నంబరు వేశాను. నియమం ప్రకారం నాలుగు మలేరియా మాత్రలు మింగించాను. ఆ మాత్రలకు లొంగని జ్వరాలు మా వైపు వస్తున్నాయని మీటింగులో డాక్టరుగారు చెప్పారు. నేను విన్నాను. ఊరందరి గురించి విన్నాను, నా ఇంటి గురించి వినలేదు.

మూడో రోజు జ్వరం దిగింది. చెమట పట్టి లేచి కూర్చుని జావ తాగింది. నాలుగో రోజు పొద్దున సంచి సర్దుకుంటోంది.

"ఎటు?" అన్నాను.

"హాస్టల్ తెరిచిన్రు అమ్మా. ఎల్లుండి సెలెక్షన్లున్నయ్. అండ్ల ఎంపికైతే పెద్ద క్యాంపుకు తీస్కపోతరు. విమానంలకెల్లి దుంకుడు నేర్పుతరంట."

"ఒళ్లు తిరుగుతలేదా?"

"లేదు. చూడు" అని వాకిట్లో నాలుగు అడుగులు పరేడు నడిచి చూపించింది. తిరిగేటప్పుడు కొంచెం తూలింది. నేను చూశాను. నీరసం అనుకున్నాను.

ఎన్నో ఏళ్లుగా నేను ఆ పొద్దున దగ్గరే ఆగిపోతుంటాను. నేను గాలిలోకి లేవని తల్లినై ఉంటే, విమానం లేదు గిమానం లేదు, పడుకో అని కసిరేదాన్ని. అది కళ్లు తుడుచుకుని పడుకునేది. పరీక్ష ఫలితం వచ్చేదాకా నా దగ్గరే ఉండేది, తల తిరిగిందంటే భద్రాచలం తీసుకుపోయేదాన్ని. కానీ నేను పైకి పోయి వచ్చిన తల్లిని. అక్కడ ఏముందో నాకు తెలుసు. దాన్ని ఆపడానికి నాకు నోరు రాలేదు. మాత్రలు పొట్లం కట్టి ఇచ్చి, వాగు దాటించి బస్సెక్కించాను. కిటికీ పక్కన కూర్చుని, "సెలెక్టయితే ఉత్తరం రాస్త" అన్నది.

ఆ మర్నాడు గోదావరి పెరిగింది. నీళ్లు వెనక్కి తన్ని మా వాగు పొంగి రోడ్డును ముంచింది. ఊరు మూడు రోజులు దీవి అయింది. మూడో రోజు మధ్యాహ్నం వాగు అవతలి ఒడ్డు నుంచి ఎవరో కేకలు వేస్తున్నారని పిలిస్తే వెళ్లాను. మా పెద్దాసుపత్రి అటెండరు. నీళ్ల హోరులో రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు. రెండు మూడుసార్లు అరిచాక మాట తెలిసింది.

"సిస్టరమ్మా, నీ బిడ్డను ఖమ్మం దవాఖానల ఏసిన్రంట. మీ ఆయన ఆడికి పోయిండంట. నిన్ను జల్దీ రమ్మన్నరు."

జల్దీ ఎట్లా పోను? వాగు నడుమ చెట్లు కొట్టుకుపోతున్నాయి. ఊరివాళ్లు నా చేతులు పట్టుకుని ఆపారు. తెల్లవారి నీళ్లు కొద్దిగా తగ్గాక, చేపలు పట్టే ఒకాయన నన్ను తాటిదోనెలో కూర్చోబెట్టి దాటించాడు. దోనె ఊగినప్పుడల్లా ఆయన "అమ్మా, కదలకు, కదలకు" అన్నాడు. నేను కదలలేదు. రోడ్డు మీద దొరికిన లారీ ఎక్కి భద్రాచలం, అక్కడి నుంచి బస్సులో ఖమ్మం చేరేసరికి పొద్దు వాలుతోంది.

దవాఖాన మెట్ల మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎంతమంది ఇళ్లలో ఆ నిలబడడం చూశాను నేను.

మధ్యాహ్నమే పోయిందట. సెలెక్షన్ల రోజు పొద్దున మైదానంలో పడిపోయిందట. పిల్లలు ఆటోలో వేసుకుని తెచ్చారు. ఫిట్స్ వచ్చాయి. మెదడుకు ఎక్కిన మలేరియా అని డాక్టర్లు చెప్పారట. గ్లూకోజు ఎక్కించారు, సూదులు వేశారు. చేయగలిగింది చేశారనే నేను అనుకుంటాను. మా ఆయనకు బాయి ఆఫీసుకు ఫోను వస్తే డ్యూటీ బట్టలతోనే బయలుదేరాడు. రెండు రోజులు దాని మంచం పక్కనే ఉన్నాడు. నన్ను చూసేనాటికి కూడా ఆయన గోళ్లలో బొగ్గు ఉంది.

దాన్ని ఇల్లందు తీసుకెళ్లి, మా అత్తామామల సమాధుల పక్కన పూడ్చాం. పెళ్లికాని పిల్ల కదా, కాల్చొద్దన్నారు పెద్దవాళ్లు. మూడో రోజు బంధువులు వెళ్లిపోయాక ఇద్దరమే మిగిలాం. వసారాలో ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి అడిగాడు.

"విశ్రామ్ అంటే ఏంది?"

"ఎందుకు?"

"తెలివి లేనప్పుడు పొద్దంత గదే అన్నది. సావ్‌ధాన్, విశ్రామ్. సావ్‌ధాన్, విశ్రామ్. నేను నీళ్లు అడుగుతుందేమో అనుకున్న. తాగిస్తే తాగలే."

"పరేడుల మాట. కాళ్లు ఎడంగ పెట్టి, చేతులు వెనక్కి కట్టుకోని నిలబడుడు" అన్నాను.

ఆయన తల ఊపాడు. దాని పరేడు ఆయన ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. ఆయన వచ్చే రోజుల్లో అది వాకిట్లో నడిచేది కాదు, ఆ సంతకం గొడవ తర్వాత. మళ్లీ అడిగాడు.

"గంత పైకి పోయినప్పుడు దానికి భయమయిందా?"

నన్ను తిడతాడేమో, నువ్వు సంతకం పెట్టకపోతే దానికి ఈ పిచ్చి పట్టేది కాదు, ఆ సెలెక్షన్లకు పోయేది కాదు అంటాడేమో అని మూడు రోజులుగా కాచుకుని ఉన్నాను. అంటే ఒప్పుకునేదాన్ని. ఆయన అనలేదు. ఆ రోజు కాదు, తర్వాత ఎన్నడూ అనలేదు.

"కాలే" అన్నాను. "రెండు చేతులు ఇడిసింది. ఇట్ల చాపింది. సారు తిట్టిండు."

"చేతులిడిసిందా?" అన్నాడు. నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో విరిగిపోయింది. అప్పటిదాకా అందరి ముందూ రాయిలా ఉన్న మనిషి, నా మోకాలి మీద తల పెట్టి ఏడ్చాడు. నేను ఆయన వెంట్రుకల్లో చేయి పెట్టాను. నాకు ఏడుపు రాలేదు. అది తర్వాత వచ్చింది, ఎక్కడ పడితే అక్కడ, బస్సుల్లో, బావి దగ్గర, ఎవరి బిడ్డకో సూది వేస్తుండగా.

పదో రోజు డ్యూటీకి వెళ్లాను. ఇంట్లో ఉండి ఏం చేయాలో తెలియలేదు. రెండు రోజుల తర్వాత పెద్దాసుపత్రి నుంచి రక్త పరీక్షల జాబితా వచ్చింది. వరదల వల్ల ఆలస్యమైందని అటెండరు చెప్పాడు. జబ్బు తేలిన ముగ్గురి నంబర్ల పక్కన ఎర్ర సిరాతో గీత ఉంది. రెండోది మా అమ్మాయిది. పెన్సిల్‌తో నేను వేసిన నంబరే. ప్రతి నంబరుకు ఎదురుగా, మందు ఏ తేదీన మింగించానో నేను రాసి పంపాలి. అది నియమం. నేను ఆ గడి ముందు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అటెండరు వయసులో పెద్దవాడు, నిలబడి చూశాడు. "అది ఇడిసిపెట్టమ్మా. డాక్టరుగారికి నేను చెప్త" అన్నాడు. నేను విడిచిపెట్టలేదు. చనిపోయింది అని రాశాను. తేదీ రాశాను. ఊళ్లో ఇంకెవరి పిల్లలు పోయినా అట్లాగే రాసేదాన్ని.

మిగిలిన ఇద్దరికీ మందు ఇవ్వాలి. ఒకరు ఊళ్లోనే. ఇంకొకరు రెండు కోసుల అవతల గుట్ట మీద గూడెంలో తొమ్మిదేళ్ల పిల్ల. మాత్రలు తీసుకుని నడిచాను. బురదకు చెప్పులు ఆగకపోతే చేత్తో పట్టుకున్నాను. ఆ ఇంటికి చేరేసరికి తల్లి పొయ్యి దగ్గర ఉంది. వార్త ఆ గుట్ట మీదికి కూడా చేరింది కాబోలు, నన్ను చూడగానే లేచి వచ్చింది. ఆమెకు తెలుగు నాలుగు ముక్కలే వచ్చు, నాకు ఆమె భాష నాలుగు ముక్కలే వచ్చు. ఆమె ఏ ముక్కా వాడలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీది బురద తన చేత్తో కడిగింది. నేను వద్దనలేదు.

పిల్లకు జ్వరం ఉంది, తెలివి ఉంది. మాత్రలు నలిపి బెల్లంలో కలిపి మింగించాను. తల తిరుగుతోందా అని అడిగాను, లేచి నిలబడమన్నాను, నాలుగు అడుగులు నడవమన్నాను. వెనక్కి తిరిగేటప్పుడు కాళ్లకేసే చూశాను. తూలలేదు. రెండోసారి నడిపించాను. మూడోసారి కూడా. తల్లి నన్ను వింతగా చూసింది.

మందు వాంతి కాకుండా చూడడానికి అరగంట ఆగాలి. ఆగాను. పిల్ల నా పక్కన చాప మీద పడుకుంది. బయట వాన మళ్లీ మొదలైంది. ఆమె నాకు జొన్న జావ పోసి ఇచ్చింది. అరగంట దాటింది, గంట కూడా దాటింది. పిల్ల ఒంటికి చెమట పట్టేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు.